ఇచ్చిన గంటకు ఒక్కటే పద్దు
(చిన్న వ్యాపారులకు కాలెండరు పాఠము)

మన షావుకారుపేటలోను, పురశవాక్కములోను, త్యాగరాయనగరులోను మన కుటుంబములవారు సరుకులు అమ్ము దుకాణములతోపాటు పని చేసిపెట్టు దుకాణములను గూడ నేడు విరివిగా నడుపుచున్నారు. కళ్ళద్దముల పరీక్ష, పండ్ల వైద్యశాల, రక్తపరీక్ష, బ్యూటీ పార్లరు, కుట్టుపని, ఏసీ మరమ్మతు మొదలైనవి ఇట్టివే. వీటిలో మనము అమ్మునది గుడ్డ కాదు, గిన్నె కాదు, గంట. గుడ్డ ఈనాడు అమ్ముడుపోకున్న రేపు అమ్ముడుపోవును. ఉదయము పదిగంటల వేళ ఖాళీగా గడచిపోయెనా, అది మరల అల్మారాలోనికి రాదు. ఆ వేళనే ఇద్దరికి అమ్మితిమా, అది నష్టముతో పోవునది కాదు, మాట పోవును.

నేను హైస్కూలు చదువుతో నిలిచినవాడను. కంప్యూటరు విద్య నేర్చినవాడను కాను. అయినను నా దుకాణములో తగిలిన దెబ్బల వలన, అపాయింట్‌మెంటు బుకింగులను సెల్‌ఫోనులోని కాలెండరుతో కలుపు పద్ధతిని కొంత నేర్చుకొంటిని. నాబోటివారికి ఉపయోగపడునేమో అని ఆ సంగతిని ఇచ్చట వ్రాయుచున్నాను.

జరిగిన సంగతి

మాది కళ్ళద్దముల దుకాణము. కంటిచూపు పరీక్షించు ఉద్యోగి మంగళవారము, శనివారము మాత్రము ఉదయము వచ్చి ఒంటిగంటకు వెళ్ళిపోవును. ఒక్కొక్కరికి అరగంట పట్టును. ఫోనులో అడిగినవారికి నేను వేళ చెప్పి గల్లాపెట్టె ప్రక్కనున్న డైరీలో వ్రాసెడివాడను. మా కోడలు చదువుకొన్నది. ఇంటర్నెట్టులో ఒక బుకింగు పేజీ పెట్టి, కావలసినవారు తామే ఖాళీ వేళను ఎంచుకొను ఏర్పాటు చేసినది. మా అబ్బాయి తన ఫోనులోని కాలెండరులో తనకు తెలిసినవారి పేర్లు వ్రాసికొనెడివాడు. ఒక దుకాణము, మూడు పుస్తకములు. అందరమును శ్రద్ధగానే వ్రాయుచుంటిమి. కాని ఒకరు వ్రాసినది మరియొకరు చూచుట లేదు.

ఒక శనివారము పదకొండు గంటలకు సూళ్ళూరుపేట నుండి ఒక పెద్దాయన రైలులో వచ్చెను. ఆ వేళ ఇచ్చినవాడను నేనే. అదే పదకొండు గంటలకు బుకింగు పేజీలో వేళ తీసికొన్న ఒక యువతియు వచ్చెను. ఆమె ఫోనులో రసీదు వలె వచ్చిన సందేశము ఉన్నది. పెద్దాయన వద్ద నా మాట తప్ప మరేమియు లేదు. తక్కిన అరగంటలన్నియు అప్పటికే నిండియున్నవి. ఆయన ఒంటిగంట వరకు బల్లమీద కూర్చుండి, “మీరు రమ్మంటేనే వచ్చాను గదా, షావుకారుగారూ” అని మాత్రము అని, పరీక్ష లేకుండనే రైలుకు వెళ్ళిపోయెను.

మంగళవారము నేనే ఫోను చేసి క్షమాపణ చెప్పుకొని, ఆయనకు అనువైన వేళకు రమ్మని కోరితిని. “నాయుడుపేటలో చూపించుకొన్నానండి, మీరు శ్రమపడవద్దు” అని జవాబు వచ్చినది. ఆ మాటలో కోపము లేదు. కోపపడియున్న నాకు ఇంత బాధ కలిగియుండదు.

చిట్టా, ఆవర్జా

ఈ తప్పు ఎక్కడున్నదో మన పాత లెక్కల పద్ధతి తెలిసినవారికి వెంటనే బోధపడును. మన పెద్దలు నాటినాటి వ్యవహారమును చిట్టాలో వ్రాసి, పిదప పేరుపేరున ఆవర్జాకు ఎక్కించెడివారు. చిట్టాలు రెండు ఉండవచ్చును, మూడు ఉండవచ్చును. ఆవర్జా మాత్రము ఒక్కటే. ఒకనికి అప్పు ఇవ్వవలెనన్న ఆవర్జా విప్పి చూచియే ఇచ్చెడివారు. చిట్టాలోనున్న పద్దు ఆవర్జాకు ఎక్కకున్న, ఎంత చక్కని చేవ్రాలుతో వ్రాసినను ఆ లెక్క తప్పే.

బుకింగు పేజీ, ఫోను పిలుపు, వాట్సాప్ సందేశము, దుకాణమునకు స్వయముగా వచ్చినవాడు, ఇవన్నియు చిట్టాలు. ఫోనులోని కాలెండరు ఆవర్జా. సింకు చేయుట అనగా చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించుటయు, క్రొత్త మాట ఇచ్చుటకు ముందు ఆవర్జాను చూచుటయు. ఈ రెండవ భాగమే ముఖ్యము. ఎక్కించుట మాత్రమే చేసి చూచుట మానినచో, తప్పు చక్కగా నమోదగును గాని తప్పక మానదు.

గడియారములను కలిపిన ఊరు

వేర్వేరు చోట్ల ఉన్న కాలపు లెక్కలను ఒకటిగా చేయుట మన చెన్నపట్టణమునకు క్రొత్త పని కాదు. 1792లో ఈస్టిండియా కంపెనీవారు నుంగంబాక్కములో నక్షత్రశాలను నిర్మించిరి. అచ్చటి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు కాలమును నిర్ణయించెను. అది గ్రీనిచ్ కాలముకంటె 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందు. ఆ రోజులలో బొంబాయి కాలము గ్రీనిచ్ కంటె 4 గంటల 51 నిమిషములు మాత్రమే ముందు. కావున మద్రాసులో పది గంటలైనప్పుడు బొంబాయిలో తొమ్మిదిన్నర. రైళ్ళు వచ్చిన పిమ్మట ఊరికొక గడియారముతో పని జరుగదని తేలి, రైల్వేలు మన మద్రాసు కాలమునే దేశమంతట వాడుకొన్నవి.

1906 జనవరి 1 నుండి గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందుండు భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. నాడు మద్రాసువారు తమ గడియారములను 8 నిమిషముల 46 సెకండ్లు ముందుకు జరుపవలసివచ్చెను. బొంబాయిలో పాత కాలము 1955 వరకు వాడుకలో నిలిచినది. అర్ధ శతాబ్దము ఒక్క నగరములో రెండు కాలములు! ఎవరి గడియారము వారికి సరియైనదే. మాట కలియవలెనన్న మాత్రము అందరును ఒకే గడియారమును చూడవలసియుండెను. మా దుకాణములోని మూడు పుస్తకముల కథయు ఇదియే.

యంత్రములు మాటలాడుకొను భాష

ఒక కంపెనీవారి బుకింగు పేజీ, వేరొక కంపెనీవారి కాలెండరు ఒకదానినొకటి ఎట్లు అర్థము చేసికొనును? వానికి ఒక సామాన్య భాష ఉన్నది. 1998లో ఐకాలెండరు అను పద్ధతిని ప్రమాణముగా ప్రకటించిరి. 2009లో దానిని సవరించిరి. 2007లో కాల్‌డావ్ అను మరియొక ప్రమాణము వచ్చినది. దాని వలన ఒక కాలెండరులోని పద్దులను దూరమునుండి చదువుటయే గాక వ్రాయుటకును, దిద్దుటకును వీలు కలిగినది. గూగుల్ కాలెండరు 2006లో ప్రజలకు అందినది.

ఐకాలెండరు భాషలో ప్రతి అపాయింట్‌మెంటుకు మొదలు వేళ, ముగింపు వేళ, ఏ దేశకాలము అను వివరములుండును. వీటితోపాటు ఒక ప్రత్యేక గుర్తు ఉండును. దీనిని యూఐడీ అందురు. ఇది మన బిల్లు నెంబరు వంటిది. ఖాతాదారుడు వేళ మార్చుకొన్నప్పుడు, అదే గుర్తుతో మార్పు వచ్చినచో కాలెండరు పాత పద్దును దిద్దును. క్రొత్త గుర్తుతో వచ్చినచో పాతది అట్లే నిలిచి, ఒకే మనిషి రెండు వేళలను ఆక్రమించినట్లు కనిపించును. అందుచేత వేళ మార్చునప్పుడు ఉన్న పద్దును తెరచి దిద్దవలెను. పాతది విడిచి క్రొత్తది వ్రాయరాదు. బిల్లులో తప్పు వచ్చిన మనము ఆ బిల్లునే సరిచేయుదుము గాని, దానిని లెక్కలో ఉంచి మరియొకటి వ్రాయము గదా.

జోడింపులో రెండు రకములు

పెద్దాయన వెళ్ళిన పిమ్మట మా అబ్బాయి బుకింగు పేజీని కాలెండరుతో కలిపెను. సమస్య తీరినదని సంతోషించితిమి. నెల తిరుగకముందే రెండవ దెబ్బ తగిలెను. ఉదయము తొమ్మిది గంటలకు ఒకరు పేజీలో వేళ తీసికొనిరి. పది గంటలకు నేను కాలెండరు చూచితిని, ఖాళీగా కనిపించినది, మరియొకరికి మాట ఇచ్చితిని. ఈసారి మేము కలిపిన జోడింపే ఆలస్యమైనది.

జోడింపు రెండు రకములని అప్పుడు తెలిసినది. మొదటిది చందా పద్ధతి. బుకింగు పేజీ ఐసీఎస్ అను రకపు చిరునామా ఒకటి ఇచ్చును. దానిని కాలెండరులో చేర్చిన, కాలెండరు తనకు తీరినప్పుడు వెళ్ళి చదివి వచ్చును. ఇది ఒకవైపు బాట. చదువుటయే గాని వ్రాయుట లేదు. పైగా క్రొత్త పద్దు కనిపించుటకు కొన్ని గంటలు పట్టవచ్చును, ఒక్కొక్కప్పుడు అర్ధదినమును పట్టవచ్చును. వార్తాపత్రిక వంటిది, నిన్నటి సంగతి నేడు తెలియును. సెలవుల జాబితాకు ఇది చాలును. అరగంటల వ్యాపారమునకు చాలదు.

రెండవది అనుమతి పద్ధతి. మీ కాలెండరు ఖాతాలో ప్రవేశించి, “ఈ బుకింగు పేజీ నా కాలెండరును చూడవచ్చును, వ్రాయవచ్చును” అని సమ్మతి తెలుపవలెను. అప్పుడు బుకింగు వచ్చిన వెంటనే పద్దు కాలెండరుకు ఎక్కును. కాలెండరులో మీరు వ్రాసిన పని చూచి పేజీలో ఆ వేళ మాయమగును. ఇది ఫోనులో మాటలాడుట వంటిది. మనకు కావలసినది ఇదియే. మీ పేజీని ఏర్పాటు చేసినవారిని, “ఇది చందా జోడింపా, అనుమతి జోడింపా?” అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఆ జవాబు మీద మీ మాట ఆధారపడియున్నది.

అనుమతి ఇచ్చునప్పుడు మరియొక ప్రశ్న వచ్చును: ఏ ఏ కాలెండర్లను చూచి ఖాళీ తేల్చవలెను? ఇంటిలో నాలుగు కాలెండర్లుండి పేజీ ఒక్క దానినే చూచుచున్నచో, తక్కిన మూడింటిలోని పనులు దానికి లేనట్లే. కొన్ని పేజీలు డబ్బు చెల్లింపని వారికి ఒక్క కాలెండరునే చూచును. అట్లయిన దుకాణమునకు ఒకే కాలెండరు ఏర్పరచి, ఇంటిల్లిపాది అందులోనే వ్రాయుట మేలు. మేము అట్లే చేసితిమి. నా డైరీని ఆనాడే కట్టి అటకమీద పెట్టితిని.

సెలవు పెట్టినను ఖాళీ

మూడవ దెబ్బ మహావీర జయంతి నాడు. ఆ దినము దుకాణము మూసెదము. కాలెండరులో దినమంతయు సెలవు అని ముందే వ్రాసియుంచితిని. అయినను ఇద్దరు ఆనాటికి బుక్ చేసికొని, తలుపు మూసియుండుట చూచి ఫోను చేసిరి.

కారణము విచిత్రమైనది. కాలెండరులోని ప్రతి పద్దుకును “పనిలో ఉన్నాను” లేక “ఖాళీ” అని ఒక గుర్తు ఉండును. గంట వేసి వ్రాసిన పద్దు సాధారణముగా మొదటి గుర్తుతో వచ్చును. గూగుల్ కాలెండరులో దినమంతయు అని వ్రాసిన పద్దు మాత్రము, మనము మార్చకున్న, “ఖాళీ” గుర్తుతో వచ్చును. ఒకరి పుట్టినదినము వ్రాసినంత మాత్రమున ఆ దినమంతయు పని మానరు గదా, అని దాని ఉద్దేశము. మన సెలవులకు ఆ గుర్తును చేతితో మార్చవలెను. సంవత్సరి, మహావీర జయంతి, దీపావళి మొదలైన దినములన్నిటిని సంవత్సరారంభముననే వ్రాసి, ప్రతిదానికిని ఈ గుర్తు సరిచూడుడు. మన పండుగలు తిథిని బట్టి వచ్చును గనుక, నిరుటి తేదీనే యేటేట మరల వచ్చునట్లు పెట్టరాదు. పంచాంగము చూచి ప్రతి యేడు క్రొత్తగా వ్రాయవలెను.

మన ఇంటి వేళలు

మన ఇండ్లలో సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు నియమముగలవారు చాలమంది. చెన్నపట్టణములో నవంబరు మాసమున సూర్యుడు సాయంకాలము 5 గంటల 40 నిమిషముల ప్రాంతమున అస్తమించును. జూలై మొదటిలో 6 గంటల 40 నిమిషముల ప్రాంతమున. అనగా ఒక గంట తేడా. సాయంకాలపు బుకింగులు ఏడాది పొడుగున ఆరు గంటల వరకు అని పెట్టినచో, కార్తీకమాసమున యజమాని ఆకలితో ఖాతాదారుని ఎదుట కూర్చుండవలెను. లేదా ఖాతాదారుని తొందరపెట్టవలెను. రెండును తగదు. ఏడాదికి రెండు మూడు మారులు పని వేళలను మార్చుకొనుడు. సామాయికమునకు పట్టు 48 నిమిషములను గూడ ప్రతిదినము మరల వచ్చు పద్దుగా వ్రాసికొనవచ్చును. ఆ వేళ ఎవరికిని కనిపింపదు. ఎవరికిని లేదని చెప్పవలసిన అగత్యము రాదు.

ఒక అపాయింట్‌మెంటుకును తరువాతి దానికిని నడుమ పది నిమిషములు విడువుడు. వయసుమళ్ళినవారు మెల్లగా లేతురు. ఎంత ముందుగా బుక్ చేయవలెనో గూడ నిర్ణయింపుడు. మేము మూడు గంటలని పెట్టితిమి. లేకున్న మీరు టీ త్రాగి వచ్చునంతలో ఎవరో “ఇప్పుడే” అని బుక్ చేసి తలుపు తట్టుదురు.

దూరదేశముల బంధువులు

అమెరికాలోని కొడుకో కూతురో ఇక్కడి తల్లిదండ్రుల కొరకు వేళ తీసికొనుట నేడు సామాన్యము. వారు తొమ్మిది అన్నది ఏ తొమ్మిది? బుకింగు పేజీలోను కాలెండరులోను మన దేశకాలము సరిగా ఉన్నచో యంత్రమే లెక్క కట్టును. జాబితాలో చెన్నై అను పేరు కనిపింపకపోవచ్చును. చాల జాబితాలలో మన దేశమంతటికిని కోల్‌కతా అను పేరు వ్రాసియుండును. అమెరికాలో చాలచోట్ల మార్చిలో గడియారములను ఒక గంట ముందుకు, నవంబరులో వెనుకకు త్రిప్పుదురు. మనకు ఆ పని లేదు. కావున నోటితో “మీ తొమ్మిది, మా ఆరున్నర” అని కట్టిన లెక్క నవంబరులో తప్పును. పద్దు కాలెండరులో ఉన్నచో తప్పదు.

ఖాతాదారుని గుట్టు

కాలెండరును ఇంటిల్లిపాదికి పంచినప్పుడు ఒక జాగ్రత్త అవసరము. రక్తపరీక్ష, స్త్రీల వైద్యము మొదలైన సంగతులు పద్దులో వివరముగా వ్రాయరాదు. పేరు, వేళ, ఫోను నెంబరు చాలును. వేళ నిండినదా లేదా అని మాత్రము తెలియవలసినవారికి, వివరములు కనిపింపకుండ కాలెండరును పంచు సౌకర్యమున్నది. పని మానిన ఉద్యోగికి ఇచ్చిన అనుమతిని ఆనాడే తొలగింపుడు, తాళపుచెవి తీసికొన్నట్లే. ఇతరుల సొంత వివరముల రక్షణ కొరకు 2023లో మన పార్లమెంటు ఒక చట్టమును గూడ చేసినది. చట్టము లేకున్నను, గల్లా ముందు విన్న మాటను వీధిలో చెప్పకుండుట మన పెద్దల మర్యాద.

పరీక్షించి చూచుట

తులము బంగారమైనను గీటు పెట్టకుండ కొనము. జోడింపును గూడ అట్లే పరీక్షింపవలెను. ఇంటిలోని మరియొకరి ఫోనునుండి ఒక వేళ బుక్ చేయుడు. కాలెండరులో వెంటనే వచ్చినదా చూడుడు. దానిని వేరొక వేళకు మార్చుడు. పాత వేళ ఖాళీ అయినదా చూడుడు. రద్దు చేయుడు, పద్దు పోయినదా చూడుడు. పిదప కాలెండరులో మీరే ఒక పని వ్రాసి, పేజీలో ఆ వేళ మాయమైనదా చూడుడు. ఈ నాలుగును జరిగినచో జోడింపు నమ్మదగినది. పది నిమిషముల పని. సెల్‌ఫోను మార్చినప్పుడు, రహస్య సంకేతమును మార్చినప్పుడు అనుమతి తెగిపోవచ్చును. అప్పుడు మరల పరీక్షింపుడు.

ఫోను పిలుపులను, దుకాణమునకు వచ్చి అడిగినవారిని మరువరాదు. యంత్రము వారిని చూడలేదు. వారికి మనమే చిట్టా గుమాస్తాలము. వేళ కాలెండరుకు ఎక్కించిన పిమ్మటనే “రండి” అనవలెను. ముందు మాట, పిదప వ్రాత అన్నచో మరల పాత కథయే.

ప్రతి సాయంకాలము గల్లా సరిచూచునప్పుడు మరునాటి వేళలను ఒక కాగితము మీద వ్రాసియుంచుడు. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరున మిచౌంగ్ తుఫానులోను మన నగరములో విద్యుత్తు పోయి, ఫోనులు మూగబోయిన సంగతి మీకు జ్ఞాపకముండును. ఆ కాగితము ఆవర్జా కాదు, నకలు మాత్రమే. అయినను కరెంటు లేని దినమున అదే దీపము.

ముగింపు

ఇవి చేసిన పిమ్మట మా దుకాణములో ఒకే వేళకు ఇద్దరు వచ్చుట జరుగలేదు. అది యంత్రము గొప్ప అని నేను అనను. మూడు పుస్తకములు ఉంచుకొని ఒక్క మాటమీద నిలువవచ్చునని భ్రమపడినవాడను నేను. ఆ భ్రమ తొలగినది, అంతే. అప్పు పద్దును రెండు మార్లు వసూలు చేసినవానిని మనము వ్యాపారి అనము. ఒక్క గంటను ఇద్దరికి ఇచ్చినవాడు మాత్రము వానికంటె ఏమి మెరుగు? తెలిసి చేయలేదు అనుట సూళ్ళూరుపేట రైలులో తిరిగి వెళ్ళిన పెద్దాయనకు సమాధానము కాదు.

ఇప్పటికిని శనివారము పదకొండు గంటల పద్దు తెరచినప్పుడెల్ల ఆయన కూర్చున్న బల్లవైపు నా చూపు పోవును. ఈ పాఠము చదివి ఒక్కరైనను తమ పుస్తకములను ఒకటి చేసికొనినచో, ఆయనకు నేను పడిన బాకీలో కొంతైనను తీరినట్లు తలంతును.

జై జినేంద్ర.